అద్దం ఉన్న కెమెరా చేతికొస్తే

డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న మొదటి వారంలో చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఇంత డబ్బు పోశాం, దీనికంటే మా పాత చిన్న కెమెరాయే నయం." వాళ్ళు అబద్ధమేమీ చెప్పడం లేదు. కూల్‌పిక్స్‌తోనో సైబర్‌షాట్‌తోనో తీసినప్పుడు పాప ముఖం, వెనక తులసికోట, ఆ వెనక గోడమీద క్యాలెండరు అన్నీ శుభ్రంగా పడేవి. కొత్త కెమెరాతో తీస్తే పాప ముక్కు బాగుంది, కళ్ళు మసక, తులసికోట ఆకుపచ్చటి మరక. కెమెరాలో ఏదో లోపముందని షాపుకి తిరిగి పట్టుకెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. లోపమేం లేదు. చిన్న కెమెరా మన పొరపాట్లని కడుపులో దాచుకునేది. ఇది నిర్మొహమాటంగా బయటపెడుతుంది. నాకు దీనిమీద ఇంత ప్రేమ ఉండటానికి మొదటి కారణం ఆ నిర్మొహమాటమే.

సంగతంతా లోపలున్న సెన్సర్‌లో ఉంది. మామూలు కాంపాక్ట్ కెమెరాలో అది 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు. చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. మనలాంటివాళ్ళు మొదట కొనే డీఎస్‌ఎల్‌ఆర్‌లో అది 23 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూగా. వైశాల్యం లెక్కేస్తే దాదాపు పన్నెండు రెట్లు. అంత చోటు దొరికింది కాబట్టే వెలుగు ఎక్కువ పడుతుంది, చీకట్లో తీసినా ఫొటోలో గింజల్లాంటి మచ్చలు తక్కువ కనబడతాయి, దగ్గరి వస్తువు మీద ఫోకస్ నిలిపితే వెనకదంతా కరిగిపోతుంది. మెగాపిక్సెళ్ళు లెక్కబెట్టి కెమెరా కొనేవాళ్ళని చూస్తే నాకు జాలి. 2006లో వచ్చిన నికాన్ డీ40 ఆరు మెగాపిక్సెళ్ళది. ఆ తర్వాతి కాలంలో పదహారు మెగాపిక్సెళ్ళ బోర్డు తగిలించుకుని ఎన్నో జేబు కెమెరాలు వచ్చాయి. సాయంత్రం ఆరున్నర దాటాక ఇంటి అరుగుమీద ఆ రెండిటితో చెరో ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి, చాలు.

ఇక అద్దం సంగతి. లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం నిలబడి ఉంటుంది. లోపలికొచ్చిన వెలుగుని అది పైకి తిప్పుతుంది, పైనున్న పెంటాప్రిజం దాన్ని మలుపులు తిప్పి మన కంటికి అందిస్తుంది. చవక మోడళ్ళలో గాజు ప్రిజం బదులు చిన్న అద్దాలు అతికించి సరిపెడతారు, అందుకే వాటి వ్యూఫైండర్ కాస్త ఇరుగ్గా, చీకటిగా ఉంటుంది. అయినా కంటికి అందేది అసలు వెలుగే. ఆ కొసన ఉన్న మనిషి నుంచి బయల్దేరి, లెన్స్ దాటి, తిన్నగా కంట్లో పడుతున్న వెలుగు. బటన్ నొక్కగానే అద్దం టక్కున లేస్తుంది, షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది, అద్దం మళ్ళీ వాలుతుంది. గమ్మత్తేమిటంటే ఫొటో పడే ఆ ఒక్క క్షణం మాత్రం తీసేవాడికి కనబడదు. వ్యూఫైండర్ నల్లబడుతుంది. నవ్వు కనిపించాక నొక్కితే నవ్వు అయిపోయాక ఫొటో పడుతుంది. నవ్వు రాబోతోందని ముందే పసిగట్టాలి. గొప్ప ఫొటోగ్రాఫర్లందరూ ఈ పసిగట్టడంలోనే ఆరితేరారు.

చరిత్ర జోలికి ఎక్కువ పోను. జర్మనీలో 1936లోనే ఎగ్జాక్టా పేరుతో 35 ఎంఎం ఫిల్ముకి ఇలాంటి కెమెరా వచ్చింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చి పత్రికా ఫొటోగ్రాఫర్ల మెడలో పడింది. 1991లో కొడాక్ కంపెనీ నికాన్ ఎఫ్3 బాడీకి 1.3 మెగాపిక్సెళ్ళ సెన్సర్ తగిలించి అమ్మింది, దాన్ని సామాన్యుడు కొనే ప్రశ్నే లేదు. 2003లో కానన్ 300డీ వెయ్యి డాలర్ల లోపు ధరకి దిగింది. ఆ తర్వాతే సెలవులకి అమెరికా నుంచి వచ్చే మన సాఫ్ట్‌వేర్ అల్లుళ్ళ భుజాల మీద నల్ల సంచులు కనబడటం మొదలైంది.

స్టీవ్ మెకర్రీ తీసిన అఫ్గాన్ బాలిక ఫొటో చూడనివాళ్ళు ఉండరు. 1984లో, పెషావర్ దగ్గర శరణార్థి శిబిరంలో. చేతిలో నికాన్ ఎఫ్ఎం2, 105 ఎంఎం లెన్స్, కొడాక్రోమ్ ఫిల్ము. ఆటోఫోకస్ లేదు, తీసిన వెంటనే వెనక చూసుకోవడానికి తెర లేదు. వేళ్ళతో లెన్స్ రింగు తిప్పుకుంటూ ఆ ఆకుపచ్చటి కళ్ళ మీద ఫోకస్ నిలబెట్టాడు. ఫిల్ము కడిగేదాకా ఏం పడిందో తెలియదు. ఇప్పుడు సెకనుకి ఇరవై ఫొటోలు గుమ్మరించే కెమెరా పట్టుకుని "లైటు సరిగా లేదండీ" అనేవాళ్ళకి ఆ ఫొటో ఒకసారి చూపించాలనిపిస్తుంది.

అంతదూరం ఎందుకు, మన సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. రూర్కీలో ఇంజనీరింగు చదువుకున్న మనిషి, ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరు, 'ముసవ్విర్ జంగ్' బిరుదు. పరదాలో ఉండే ఆడవాళ్ళ కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. తీసేదీ ఆడవాళ్ళే. ఆయన చేతిలో ఉన్నది ఎస్‌ఎల్‌ఆర్ కాదని నాకూ తెలుసు. కానీ ఆయన తీసిన పాత కోటల ఫొటోల్లో నీడ ఎక్కడ ఆగిందో, అంచున ఏది వదిలేశాడో చూస్తే ఏ కెమెరావాడికైనా పాఠమే. 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లే పండించిన వెన్నెల ఇంకో పాఠం. నలుపు తెలుపుల్లో అంత చల్లగా వెన్నెలని చూపించినవాడు ఇంకొకడు లేడని నా వాదన. ఒప్పుకోనివాళ్ళతో నేను వాదన పెంచుకోను, సినిమా ఇంకోసారి చూడమంటాను.

మొదటిసారి డీఎస్‌ఎల్‌ఆర్ పట్టినవాళ్ళకి ముందుగా నేర్పాల్సింది గేదె పాఠం. నల్ల గేదెని ఫ్రేము నిండా పెట్టి తీయండి. ఫొటోలో బూడిద రంగు గేదె వస్తుంది. తెల్ల పంచె, తెల్ల లాల్చీ వేసుకున్న తాతయ్యని సున్నం గోడ ముందు నిలబెట్టి తీయండి. పంచె మాసినట్టు వస్తుంది. కెమెరాలోని మీటరు లోకమంతా సగటున ఒక మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని నమ్ముకుని కూర్చుంటుంది. గేదె నల్లదని, పంచె తెల్లదని దానికి తెలియదు. చెప్పాల్సింది మనం. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ అందుకే ఉంది. గేదెకి వెలుగు ఒక స్టాపు, అంటే సగానికి, తగ్గించాలి, పంచెకి ఒక స్టాపు, అంటే రెట్టింపుకి, పెంచాలి. ఇంత చిన్న సంగతి అర్థమైన రోజున మనిషి ఆటో మోడ్ నుంచి సగం బయటపడినట్టే. కాంపాక్ట్‌లలో కూడా ఈ సదుపాయం చాలావాటికి ఉండేది. మెనూల అడుగున ఎక్కడో పాతిపెట్టారు, ఎవరూ తవ్వలేదు. ఇక్కడ వేలి కిందే ఉంటుంది.

కార్తీక పౌర్ణమి నాటి రాత్రి గోదావరి రేవులో దీపాలు వదులుతున్న ఆడవాళ్ళని ఊహించుకోండి. జేబు కెమెరా ఏం చేస్తుంది? చీకటి చూడగానే ఫ్లాష్ కొడుతుంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది, దీపం వెలుగు చచ్చిపోతుంది, వెనక నది ఉందో లేదో తెలియదు. డీఎస్‌ఎల్‌ఆర్‌కి 50 ఎంఎం లెన్స్ తగిలించండి. అపర్చర్ ఎఫ్/1.8. ఐఎస్‌ఓ 1600. షట్టర్ 1/60. ఫ్లాష్ జోలికి పోవద్దు. గడ్డం కింద నుంచి పైకి పాకిన పసుపు వెలుగు, ముక్కుపుడక మీద ఒక చుక్క, దోసిట్లో అరటిదొప్ప, వెనకెక్కడో నీళ్ళమీద గుండ్రంగా విచ్చుకున్న మిగతా దీపాలు, అన్నీ ఫొటోలోకొస్తాయి. కెమెరాతో ఇచ్చే కిట్ లెన్స్‌ని 55 దగ్గర పెడితే అపర్చర్ 5.6 దాకానే తెరుచుకుంటుంది. 1.8తో పోలిస్తే లోపలికొచ్చే వెలుగు పదోవంతు. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదవడం కొత్తలో అందరినీ తికమక పెడుతుంది, నాలుగు దీపాలు తీశాక చేతికదే అలవాటవుతుంది. ఫోకస్ మాత్రం కెమెరాకి అప్పగించొద్దు. మధ్య చుక్క ఒక్కటే ఎంచుకుని దగ్గరున్న కంటి మీద పెట్టండి. ఎఫ్/1.8 దగ్గర కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకేస్తుంది, అంత పలచన అక్కడ.

పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళు గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికో పోతారు. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో వాళ్ళంటారు, నేనా చర్చలోకి దిగను. కాంపాక్ట్‌తో ఎగిరే పక్షిని తీయబోతే నొక్కిన కాసేపటికి ఫొటో పడుతుంది, అందులో ఆకాశం ఒక్కటే ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం వెనకున్న ఇంకో చిన్న అద్దం కొంత వెలుగుని కిందనున్న ఫోకస్ సెన్సర్లకి పంపుతుంది. పక్షి ముందుకుందో వెనక్కుందో అవి వెంటనే లెక్కగట్టి లెన్స్‌ని అటు తిప్పుతాయి. నికాన్‌లో ఏఎఫ్-సీ, కానన్‌లో ఏఐ సర్వో పెట్టి, బటన్ సగం నొక్కి పట్టుకుని, పక్షితోపాటు నడుము తిప్పుతూ రావాలి. షట్టర్ కనీసం 1/1000. పిల్లకి మేత పెట్టడానికి దిగే పెలికాన్ రెక్కలు రెండూ విప్పి వేగం తగ్గించుకునే ఘడియ ఒకటుంటుంది. అది తెలిసినవాడు వంద ఫొటోలు తీయడు, మూడు తీస్తాడు.

ఇప్పుడు ఫోన్లలో 'డీఎస్‌ఎల్‌ఆర్ లాంటి పోర్ట్రెయిట్' అని ప్రకటనలు. నా ఒళ్ళు మండేది అక్కడే. అది లెన్స్ చేసిన బ్లర్ కాదు, లెక్కలు వేసి పూసిన బ్లర్. మల్లెపూలు పెట్టుకున్న అమ్మాయిని తీసి పెద్దది చేసి చూడండి. జడ అంచున పూలు సగం తెగి ఉంటాయి. చెవి బుట్టల సందుల్లోంచి కనబడాల్సిన గోడ మసకేయకుండా గట్టిగా నిలబడి ఉంటుంది. ముంగురులు గొరిగేసినట్టు మాయమవుతాయి. అసలు లెన్స్ అలా చేయదు. దూరం పెరిగేకొద్దీ మెల్లగా, మెట్టుమెట్టుగా కరిగిస్తుంది. ఆ కరగడంలోనే అందమంతా ఉంది. దాన్ని కత్తెరతో కత్తిరించి అంటించి, అసలుదాని పేరు పెట్టి అమ్మడం మోసం. ఆపైన 'బ్యూటీ' మోడ్. మన పిల్లల చామనఛాయని తీసి పారేసి పిండి పూసినట్టు చేసే హక్కు దానికెవరిచ్చారు?

ఫోన్లనే అనడమెందుకు. ఇవాళ మన పెళ్ళిళ్ళలో రెండు లక్షల కెమెరా మెడలో వేసుకుని ఆటో మోడ్‌లో ఫ్లాష్ కొట్టుకుంటూ తిరిగే కుర్రాళ్ళు ఎంతమంది! జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్ళికూతురి కళ్ళు చూడరు, డ్రోను ఎక్కడుందో చూస్తారు. తలంబ్రాలు పోసేటప్పుడు బియ్యం గాల్లో ఉన్నప్పుడే పట్టుకోవాలని, దానికి షట్టర్ ఎంత పెట్టాలో ముందే అనుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక రంగులు మార్చే ప్రీసెట్ ఒకటి కొని అన్నిటిమీదా రుద్దుతారు. పసుపు బట్టలు నారింజ, మావిడాకులు గోధుమ రంగు, రేపల్లె పెళ్ళయినా రాజమండ్రి పెళ్ళయినా ఆల్బమ్ ఒకటే. పాత స్టూడియోలో నెగెటివ్ మీద పెన్సిల్ ముక్కతో టచింగ్ చేసిన పెద్దాయన చేతికున్న ఓపికలో పావలా వంతు ఉన్నా ఈ ఆల్బమ్‌లు ఇలా ఉండేవి కావు.

అద్దం కెమెరాల కాలం కూడా ముగింపుకొచ్చింది. 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్ల డిజిటల్ కెమెరాలు అమ్ముడైతే, 2023 నాటికి అన్ని రకాలూ కలిపి 80 లక్షలు కూడా లేవు. జేబు కెమెరాలని ఫోను మింగింది, డీఎస్‌ఎల్‌ఆర్‌ని అద్దం లేని మిర్రర్‌లెస్ మింగుతోంది. తమ 1డీఎక్స్ మార్క్ 3 తర్వాత ఆ వరసలో ఇంకో డీఎస్‌ఎల్‌ఆర్ ఉండదని కానన్ పెద్దలే 2021లో చెప్పేశారు. మిర్రర్‌లెస్ వాళ్ళు తమ కెమెరా కంటిని వెతికి ఫోకస్ చేస్తుందని, చప్పుడు లేదని చెబుతారు. నిజమే, కాదనను. కానీ దాని వ్యూఫైండర్‌లో కనబడేది ఒక చిన్న టీవీ. మనిషిని చూస్తూ ఫొటో తీయడానికీ, టీవీలో మనిషిని చూసి తీయడానికీ తేడా లేదంటే నేను ఒప్పుకోను. ఇప్పటికీ అద్దం వదలనిది పెంటాక్స్ ఒక్కటే, ఆ మొండితనానికి నా దండం.

కానన్ వాళ్ళు కోప్పడకుండా ఉంటే ఇంకో మాట. లెన్స్ బిగించే 1959 నాటి నికాన్ మౌంటు ఇప్పటి డీఎస్‌ఎల్‌ఆర్‌ల దాకా అదే. కానన్ 1987లో పాత మౌంటు తీసిపారేసి, అప్పటిదాకా లెన్స్‌లు కొన్నవాళ్ళని నడివీధిలో వదిలింది. నా పక్షపాతం ఏదో ఇక్కడికి తెలిసిపోయే ఉంటుంది.

అద్దం కెమెరా కొనడానికి ఇదే మంచి సమయం. జనం మిర్రర్‌లెస్‌కి ఎగబడుతున్నారు కాబట్టి పాత నికాన్ డీ3200లు, కానన్ 1200డీలు మంచి ఫోను ధరలో సగానికే దొరుకుతున్నాయి. డీ3200 షట్టర్‌ని లక్షసార్లు నొక్కి పరీక్షించారు. కొనేముందు ఎన్ని ఫొటోలు తీసిందో లెక్క అడగండి. నికాన్‌లో చిన్న మోడళ్ళకి ఫోకస్ మోటారు బాడీలో ఉండదు, కాబట్టి లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. లెన్స్ విప్పి, ఒక కొసన టార్చి వేసి, ఇంకో కొస నుంచి చూడండి. సాలెగూడు దారాల్లా కనబడితే అది ఫంగస్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన లెన్స్‌లలో మరీ జాగ్రత్త. ధర ఎంత తగ్గించినా అలాంటిది తీసుకోవద్దు, పక్కన పెట్టిన మంచి లెన్స్‌కి కూడా పాకుతుంది. ఇంటికి తెచ్చాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. రెండో లెన్స్‌గా పెద్ద జూమ్ అంటగట్టాలని షాపువాడు చూస్తాడు. 50 ఎంఎం ఎఫ్/1.8 అడగండి, ఆ జూమ్ మాట తర్వాత చూసుకోవచ్చు.