కొయ్యలోకి దిగే సుడీ!

ఉలి తొలుస్తుంది, రంపం కోస్తుంది, చిత్రిక నున్నగా గీస్తుంది. మాను మనసులోకి మెలికలు తిరుగుతూ దిగేదానివి మాత్రం నువ్వొక్కతివే, బరమా! నువ్వు దిగినచోట పరిమళం లేస్తుంది. టేకులో దిగితే తోలువాసన, వేపలో దిగితే చేదువాసన, పనసలో దిగితే పసుపుపచ్చని పొట్టు, పొట్టుతోపాటే ఓ పచ్చి తీపి.

తమరు అని నిన్ను పిలిచిన రోజుల్లో తాడే నీ ప్రాణం. నడుముకు తాడు చుట్టుకుని కవ్వంలా ముందుకో తిప్పు, వెనక్కో తిప్పు. తిప్పు తిప్పుకీ చిన్న మూలుగు, మూలుగు మూలుగుకీ చిటికెడు పొట్టు. పనసమాను వీణగా మారే బొబ్బిలిని తలుచుకుంటే నీకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఏడు తీగలకు ఏడు బిరడాలు, ఏడు బిరడాలకు ఏడు బెజ్జాలు. బెజ్జం వదులైతే బిరడా జారుతుంది, బిరడా జారితే శ్రుతి జారుతుంది. ఎంత గొప్ప రాగమైనా నీ గుండ్రదనం మీద ఆనుకునే కదా నిలబడాలి!

1917లో అమెరికాలో బ్లాక్, డెక్కర్ అనే ఇద్దరు నీకు పిస్తోలు పిడినీ, వేలికందే మీటనీ అమర్చి పేటెంటు పొందారు. మోటారు తోడయ్యాక నీ మూలుగు ఝంకారమైంది. ఝంకారం మోటారుదే కానీ అందం మాత్రం నీ ముక్కుది, ఆ బిట్టుది.

ఓ మూడు మొనల ముద్దుగుమ్మా! నడుమ సూదిమొన, అంచున రెండు చురుకు కోరలు. సూది ముందుగా గుర్తు మీద కుదురుకుంటుంది, కదలదు, బెదరదు. కోరలు గుండ్రంగా గీత గీసి నారను తెంపుతాయి. ఆ తర్వాతే లోపలి వాదర కొయ్యను లేపుతుంది. లేచిన పొరలు చుట్టలు చుట్టుకుంటూ మెలికల గాడి వెంట పైకొస్తాయి. అంచు చెదరదు, పెచ్చు లేవదు. ఇనుముకు వాడే బిట్టుకు ఈ ఒద్దిక ఎక్కడిది? అది మెత్తని కొయ్య మీద అడుగు పెట్టగానే తడబడుతుంది, గుర్తు తప్పుతుంది.

ఫోర్‌స్ట్నర్ బిట్టూ, నీ గాంభీర్యమే వేరు! అలమర తలుపు బందుకు 35 మిల్లీమీటర్ల గుంట, అడుగు అద్దమంత చదును. చదునురేకు బిట్టును మాత్రం నేను ప్రేమించలేకపోయాను. దానిది ఒట్టి తొందర. వైరు దూర్చే పనికి సరే, కంటికి కనబడే పనికి కాదు.

నీ సేవకూ కొన్ని మర్యాదలున్నాయి. ముక్కు లావయ్యేకొద్దీ వేగం తగ్గించాలి. సగంలో పైకి లాగి పొట్టు రాల్చాలి. లేదంటే కొయ్య కాలి పొగ వస్తుంది. అవతలి వైపు పెచ్చులూడకుండా ఓ పనికిరాని చెక్కను ఆన్చి బిగించాలి. మరమేకుకు ముందు బెజ్జం వేసేటప్పుడు దాని మరల్ని లెక్కలోకి తీసుకోకూడదు, లోపలి కాడంత లావు బిట్టు చాలు. అప్పుడు మరలు కొయ్యను కరుచుకుంటాయి, అంచున టేకు చీలదు.

కొనబోయేవాళ్లకు ఒక్క మాట. మిషను మామూలుదైనా ఫరవాలేదు. బిట్ల దగ్గర మాత్రం పిసినారితనం చూపకండి.