నిషిద్ధ పదాలు: సమాజం, శాస్త్రం

తెలుగునాట నుంచి ఖరగ్‌పూర్ మీదుగా సాగే రైలు హౌరా చేరే ముందు దాటే చివరి స్టేషన్ టికియాపారా. హుగ్లీ నదికి ఇవతల, కలకత్తాకు ఎదుటి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో బెంగాలీ, హిందీ, ఉర్దూ భాషలు పక్కపక్కనే వినిపిస్తాయి. ఇటువంటి చోట కొత్తగా వచ్చినవాడికి ముందుగా పట్టుబడేది తిట్లేనని పరిహాసంగా అంటారు. కాని అతడు నిజంగా తెలుసుకోవలసింది ఇరుగుపొరుగువారు ఏ మాట అనరో, దానికి బదులు ఏమంటారో ఆ సంగతి. ఒక సమాజపు మనసు అది పలికే మాటల్లో ఎంత తెలుస్తుందో, పలకడానికి జంకే మాటల్లోనూ అంతే తెలుస్తుంది.

మన ఆలంకారికులు ఈ విషయాన్ని ఏనాడో గుర్తించారు. అశ్లీలాన్ని కావ్యదోషాల్లో చేర్చి, అది వ్రీడను కలిగించేది, జుగుప్సను కలిగించేది, అమంగళాన్ని సూచించేది అని మూడు విధాలుగా విభజించారు. నేడు అశ్లీలమంటే మొదటిదొక్కటే స్ఫురిస్తున్నది. నిత్యవ్యవహారంలో మాత్రం మూడవదాని ప్రభావమే ఎక్కువ. బియ్యం అయిపోయాయని ఇల్లాలు అనదు, నిండుకొన్నాయంటుంది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. ఇల్లు విడిచేవారు వెళ్తానని కాక, వస్తానని చెబుతారు. పాము కరిస్తే పురుగు ముట్టిందంటారు. మశూచి సోకితే అమ్మవారు పోసిందనేవారు.

బెంగాలీ ఇళ్లలోనూ ఇదే పద్ధతి కనిపించడం గమనార్హం. అక్కడ బియ్యం లేకపోతే ‘బాడంతొ’, అనగా పెరుగుతున్నదంటారు. సెలవు తీసుకొనేవారు ‘ఆశి’, అనగా వస్తానంటారు. రాత్రివేళ పాము ‘లత’ అవుతుంది. మశూచి తల్లి దయగా మారుతుంది. ద్రావిడ, ఆర్య కుటుంబాలకు చెందిన రెండు భాషలు ఒకే భయానికి ఇంత దగ్గరి పరిష్కారాలు వెదకుకొన్నాయంటే, నిషేధం పదానికి కాక, పదం వెనుకనున్న భయానికి సంబంధించినదని స్పష్టమవుతున్నది.

1777లో కెప్టెన్ కుక్ టోంగా దీవుల్లో విన్న ‘టాబూ’ అనే మాట తరువాత మానవశాస్త్ర పరిభాషగా స్థిరపడింది. కలకత్తాలో సుకుమార్ సేన్ 1920ల దశకంలోనే బెంగాలీ స్త్రీల భాషను ప్రత్యేకంగా పరిశీలించారు. 1972లో భక్తిప్రసాద్ మల్లిక్ పశ్చిమ బెంగాల్ నేరప్రపంచపు భాషపై రచించిన గ్రంథాన్ని కలకత్తా సంస్కృత కళాశాల ప్రచురించింది. శిష్టభాషకు పీఠమైన విద్యాసంస్థ అశిష్టభాషకు ఆశ్రయమివ్వడం విశేషం. అమెరికాలో రైన్‌హోల్డ్ అమాన్ దూషణభాషా పరిశోధనకే అంకితమైన ‘మలెడిక్టా’ పత్రికను 1977లో ప్రారంభించారు. ఒక మాటను నమోదు చేయడం దానిని ఆమోదించడం కాదన్న వివేకం ఈ కృషికంతటికీ ఆధారం.

తెలుగులో ఈ వివేకం లోపించినందువల్ల జరిగిన అనర్థానికి ‘రాధికా సాంత్వనము’ చరిత్ర తార్కాణం. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని రచించిన ఈ కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించారు. కందుకూరి వీరేశలింగం అంతకుముందే దీనిని తీవ్రంగా గర్హించారు. పురుషకవుల ప్రబంధాల్లో ఇంతకంటే మించిన శృంగారం లేదా అని నాగరత్నమ్మ ప్రశ్నించారు. బ్రిటిష్ ప్రభుత్వం విధించిన నిషేధం 1947లో గాని తొలగలేదు. పురుషుడు వర్ణిస్తే ప్రౌఢిగా కనిపించినది స్త్రీ వర్ణిస్తే దోషమయింది. అక్కడ నిషిద్ధమైనది పదం కాదు, పలికిన నోరు.

ఆలంకారికుల విభజనలో చేరని నాలుగవ నిషేధం ఒకటున్నది. అది అవమానం. కులం పేరును తిట్టుగా వాడడం లక్షణగ్రంథాల్లో దోషంగా లెక్కకు రాలేదు. తరతరాలుగా ఆ మాటలు నిస్సంకోచంగా పలికిన నోళ్లే శృంగారపదం వినబడితే చెవులు మూసుకొన్నాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నివారణకు 1989లో చేసిన చట్టం బహిరంగ అవమానాన్ని నేరంగా పరిగణించింది. 2016లో అమలులోకి వచ్చిన సవరణ కులం పేరుతో దూషించడాన్ని స్పష్టంగా పేర్కొన్నది. సిగ్గు పుట్టించే మాట వినేవారిని క్షణకాలం ఇబ్బంది పెడుతుంది. అవమానించే మాట మనిషిని మనిషిగా నిలవనీయదు. ఈ తారతమ్యాన్ని సాహిత్య విమర్శ కంటే చట్టం ముందుగా గుర్తించడం విమర్శకులు ఆలోచించవలసిన విషయం.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం సేద్యగాండ్ర పలుకుబడికి శాస్త్రగౌరవం కల్పించింది. తిట్లు, శాపనార్థాలు, శుభోక్తులు, పేరు చెప్పని పేర్లు కూడ అదే శ్రద్ధతో సేకరించదగినవి. ఆయా పదాలు ఎవరు ఎవరిని అంటారో, ఏ సందర్భంలో హాస్యమై, ఏ సందర్భంలో గాయమవుతాయో ఆ కోశం తెలపాలి. లేనిచో నిండుకొన్న బియ్యం వంటి సుకుమారమైన పలుకులు మరుగున పడిపోతాయి. అవమానపు మాటలు మాత్రం కోశాల అవసరం లేకుండానే బ్రతుకుతాయి. వాటి చరిత్ర వ్రాసిపెట్టకపోతే, వాటివల్ల నొచ్చినవారి సాక్ష్యం కూడ వాటితోపాటు మరుగున పడుతుంది.