సోల్ కంటే ముందు బూటు

స్కేటింగ్ నేర్చుకునే పిల్లవాడి చీలమండలు లోపలికి ఒరుగుతున్నాయని కోచ్ చెప్పగానే ఏలూరైనా తాడేపల్లిగూడెమైనా తల్లిదండ్రులకు ముందు తోచేది ఇన్‌సోల్. అరికాలి వంపును ఎత్తిపట్టేది ఒకటి తెప్పించి బూటులో పెడితే సరిపోతుందనుకుంటారు. నొప్పి లేని చదునుపాదానికి సోల్ అక్కర్లేదు, నొప్పి ఉన్నా ముందు చూడాల్సింది బూటునే అంటాను. మన జిల్లాల్లో ఐసు రింకు లేదు. మన స్కేటింగ్ అంతా చక్రాల మీదే. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా రెండు కాంస్యాలు తెచ్చిందీ వాటి మీదే. ఒకే వరసలో చక్రాలున్న స్కేట్ అయినా ఐసు బ్లేడైనా పాదం పడే కష్టం మాత్రం ఒకటే. గట్టి బూటులో బిగించిన కాలు సన్నని గీత మీద ఒంటి బరువంతా నిలపాలి.

చదునుపాదాన్ని లోపమనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. పసివాళ్ల అరికాలు కొవ్వుతో నిండి చదునుగానే ఉంటుంది, వంపు పదేళ్ల వయసు దాకా మెల్లగా తేలుతుంది. మణిపాల్ వైద్యులు ఉదయ రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించారు. చెప్పులో బూట్లో వాడే పిల్లల్లో చదునుపాదం 8.6 శాతం, వాడనివారిలో 2.8 శాతం. ఈ లెక్క మన ప్రాంతానిది కాదు, పైగా సర్వే ఒక్కటే కారణాన్ని రుజువు చేయదు. అయినా కొల్లేరు లంక ఊళ్లలో చెరువు గట్ల మీద, బురదలో ఉత్త కాళ్లతో తిరిగే పిల్లల్ని చూసి పాదాలు పాడైపోతాయని బెంగపడనక్కర్లేదని మాత్రం తెలుస్తోంది. 1989లో వెలువడిన అమెరికా పరిశోధన ఇంకా సూటిగా ఉంది. చదునుపాదాలున్న చిన్నపిల్లల్లో కొందరికి ప్రత్యేక బూట్లు, కొందరికి ఇన్‌సోళ్లు ఇచ్చి, కొందరిని మామూలుగా వదిలేసి మూడేళ్లు చూశారు. అన్ని గుంపుల్లోనూ వంపు ఒకేలా మెరుగుపడింది.

బిగించిన బూటులో కాలు ఉత్త కాలు కాదు కదా, గట్టు మీది లెక్క రింకులో ఎలా చెల్లుతుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కొత్తగా నేర్చుకునే పిల్లల చీలమండ ఒరగడానికి చాలాసార్లు కారణం వంపు లేకపోవడం కాదు, వదులు బూటు. ఖరీదైన వస్తువు, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని ఒక సైజు, రెండు సైజులు పెద్దది కొంటారు. ఆ ఆలోచనను తప్పుపట్టలేం, కాని మడమ లోపల కదులుతుంటే ఏ సోల్ ఆపలేదు. పైగా ఎత్తైన సోల్ పెడితే మడమ తన గూటిలోంచి పైకి లేస్తుంది, చీలమండకు ఉన్న పట్టు కూడా పోతుంది. అప్పుడు పిల్లవాడు లేసులు మరీ బిగిస్తాడు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకే సాయంత్రం పూట నిలబెట్టి రెండు పాదాలూ కొలవాలి, పెద్ద పాదానికి సరిపడే బూటు కొనాలి. మోకాలు వంచినప్పుడు మడమ లేవకూడదు. ఉత్త కాళ్లతో పెరిగిన పిల్లల పాదం ముందు భాగం వెడల్పుగా ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి పొడవుతో పాటు వెడల్పూ చూడాలి.

బూటు కుదిరాక కూడా సాధన తర్వాత అరికాలు, పిక్క నొప్పి పెడుతుంటే అప్పుడు ఇన్‌సోల్‌కు అర్థముంది. రెడీమేడ్‌గా దొరికే, ఓ మోస్తరు గట్టిగా ఉన్న తక్కువ ఎత్తుదానితో మొదలుపెట్టవచ్చు. వేలు పోసి అచ్చు తీయించినవి చాలామంది పిల్లలకు అంతకంటే మేలు చేస్తాయని రుజువేమీ లేదు. బూటులో ఉన్న పాత సోల్ తీసేసి, దాని స్థానంలో కొత్తది పెట్టి, బూటు బిగించాకే చూడాలి. దుకాణం నేల మీద నిలబడి చూస్తే ఏమీ తెలియదు. ముందొక పరీక్ష మాత్రం తప్పదు. పిల్లవాణ్ని మునివేళ్ల మీద నిలబడమంటే వంపు తేలి, మడమ లోపలికి తిరిగితే మెత్తని పాదం. తిరగకపోయినా, ఒక్క కాలే చదునుగా ఉన్నా, చీలమండ మాటిమాటికీ బెణుకుతున్నా పాదంలోని ఎముకలు కలిసిపోయి ఉండవచ్చు. అలాంటి పిల్లవాడికి దుకాణంలో సోల్ వెతకకుండా ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించాలి.