ఊర్మిళాదేవి నిద్ర - పాటలలోని మనోవ్యథ

మనోవ్యథను గూర్చిన పాటలనుగుఱించి మనవారు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. అట్టి పాటలు వినువారి మనస్సును దుర్బలపఱచునని కొందఱు, దుఃఖితునకు పాటయే మందని కొందఱు. వేదనను పాడుట తనంతట తప్పును గాదు, గుణమును గాదని మా యభిప్రాయము. ఆ వేదన యెవరిది, దానికి హేతువేమి యనునది పాట చెప్పుచున్నదా, దాచుచున్నదా యని విచారింపవలెను. ఇందులకు మన స్త్రీలు తరతరములుగా బాడుకొనిన "ఊర్మిళాదేవి నిద్ర" యను పాటను దీసికొందము.

వాల్మీకి ఊర్మిళను వివాహఘట్టమున బేర్కొనెనే కాని వనవాసఘట్టమున నామె మాట యెత్తలేదు. రవీంద్రనాథ ఠాకూరు 1907వ సంవత్సరమున వెలువడిన "ప్రాచీనసాహిత్యము"నందు కావ్యములలో నుపేక్షింపబడిన స్త్రీలలో నామెను జేర్చి చింతించెను. తెలుగు స్త్రీల పాటయందు మాత్రమామె కుపేక్ష లేదు. భర్త యన్నవెంట నడవికి బోగా నామె పదునాలుగేండ్లు నిద్రించినది. పట్టాభిషేకము జరిగిన పిమ్మట చెల్లెలి సంగతి రామునికి విన్నవించి లక్ష్మణుని బంపించినది సీత. అతడు తనంత జ్ఞప్తి దెచ్చుకొని పోలేదు. ఈ విషయమును పాట కట్టినవారు ఊరక పెట్టినట్లు మాకు దోపదు.

లక్ష్మణుడు శయ్య చెంత జేరి పలుకరింపగా నామె యతనిని గుర్తింపదు. పరపురుషుడెవడో చొచ్చెనని భయపడును. తన తండ్రి విన్న దండించునని చెప్పును. పరస్త్రీని గోరి చెడిన యింద్రుని, రావణుని జ్ఞప్తికి దెచ్చును. దీనిని పాతివ్రత్యమునకు దార్కాణముగా జెప్పుదురు. మేమును కాదనము. కాని యంతటితో నిలిచినచో పాటలో సగమే విన్నవారమగుదుము. విడిచిపోయిన భర్త తిరిగి వచ్చినంతమాత్రమున విడువబడిన మనస్సు తిరిగి రాదు. కారణము తొలగినను గాయము మానదు. నేటి మనశ్శాస్త్రజ్ఞులు పెద్ద పేళ్లతో జెప్పు నీ సత్యమును, బడి మొగ మెఱుగని స్త్రీలు పనిపాటుల నడుమ బాడిరి. విరహమును గాని కోరికను గాని వారు తప్పుగా నెంచలేదు.

ఇందు లోపము లేదని చెప్పజాలము. ఆమె భర్తను గుర్తించిన పిమ్మట స్నానభోజనాలంకారములతో పాట మంగళముగా ముగియును. పదునాలుగేండ్ల బాకీ యొక్క రాత్రి వేడుకతో జెల్లిపోయినట్లు దోచును. అయిన నత్తమామల యింట మెలగుచు బాడినవా రంతకంటె నెట్లు పాడగలరు? మేలుకొన్నది నోరెత్తరాదు గనుక, నిద్రించుచున్న దానిచే బలికించిరి.

దీని ప్రక్కన 1953వ సంవత్సరమున వచ్చిన "దేవదాసు" చిత్రమును నిలిపి చూడుడు. ఘంటసాల గానము మనోహరము. మేమును దానికి లోబడినవారమే. కాని నాయకుని ధైర్యలోపమువలన పార్వతి ముసలివరుని పాలయ్యె ననుటను మఱచి, మన మతని మద్యపాత్రను గాంచి కన్నీరు గార్చెదము. ప్రేమభగ్నునకు దేవదాసు పేరు నానుడి యయ్యెను. పార్వతి పేరు కాలేదు. కీడు చేసినవాని శోకమే యింత తీయనైనప్పుడు, కీడు పొందినదానిని దలచువారెవరు? దోషము పాటలో నెంత కలదో, మన వినికిడిలోను నంత కలదు.

"స్త్రీల రామాయణపు పాటలు" 1955వ సంవత్సరమున హైదరాబాదునందు అచ్చుపడినవి. ఆడువారి పాటలని తేలికచేయక చదువరులు వానిని దీసి చదువవలెను. ఇంటనున్న వృద్ధస్త్రీల కెవరికైన నీ పాట నోట నున్నచో బాడించి వినవలెను. విన్న పిమ్మట, మన యింట నెవరు మాటాడక నిద్రించుచున్నారో యొకసారి చూడవలెను. సీత చెప్పువఱకు నాగుట మనకు మర్యాద గాదు.