వేసవి సెలవుల పుస్తకపట్టికలు

ఏటేట వేసవి సెలవులు సమీపించునప్పుడు పాఠశాలలవారు పిల్లల చేతికి చదువవలసిన పుస్తకముల పట్టిక నొకదాని నిచ్చి పంపుట పరిపాటి యగుచున్నది. ఏడవ తరగతి ముగించి ఉన్నతపాఠశాలలో ఎనిమిదవ తరగతి చేరనున్న వారికి ఈ పట్టిక మఱింత పొడుగుగా నుండును. తల్లిదండ్రులు దానిని శ్రద్ధతో అందుకొని, కొన్ని పుస్తకములు కొని, బీరువాలో నుంచి, జూను మాసమున వాని దుమ్ము దులుపుదురు. పట్టిక లుండుట మంచిదే. కాని వానిలో నే పుస్తక మేల చేరినది, చేర్చినవారి మనస్సున నున్నది పిల్లలా, పెద్దలా యని విచారించువారు తక్కువ. ఆ విచారణ నిచ్చట కొంత చేయదలచితిమి.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పరీక్ష తప్పిన వేంకటేశము సెలవులకు స్వగ్రామము పోవుచు గిరీశమును గురువుగా వెంట తీసికొనిపోవును. కావలసిన పుస్తకముల పేరులు గిరీశము చెప్పగా వేంకటేశము వ్రాసికొనును. ఆ పట్టిక చదువుటకు పుట్టినది కాదు. ఇంటివారి వలన సొమ్ము రాబట్టుటకు పుట్టినది. దీనిని చదివి నవ్వుకొన్నంత మాత్రమున చాలదు. పట్టిక యెవరి ప్రయోజనమునకు వ్రాయబడుచున్న దను ప్రశ్నను ఆ హాస్యము మన ముందుంచుచున్నది. నేటి పట్టికలలో అట్టి వంచన లేదు. అయినను వానిలో పెక్కు పిల్లల యానందమునకు గాక పెద్దల తృప్తికి వ్రాయబడినవే.

మాకు కనబడు దోషములు మూడు. పుస్తకమును రాబోవు పరీక్షకు ముందుగా త్రాగించు కషాయముగా నెంచుట మొదటిది. ప్రతి కథ చివరను నీతి యుండితీరవలె ననుట రెండవది. బాలురకు సాహసకథలు, బాలికలకు గృహకృత్యములు అని రెండు పట్టికలు వేయుట మూడవది. ఈ మూడవ దోషము కాగితముపై నేడు కొంత తగ్గినను ఇండ్లలో తగ్గలేదు. అన్న వసారాలో పుస్తకము చదువుచుండగా చెల్లెలు గిన్నెలు తోముచున్నచో, ఇద్దఱికిని ఒకే పట్టిక యిచ్చినందున ఫలమేమి?

ఇక పుస్తకములను గూర్చి. పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక (1853) పేరు వినగానే పెద్దలు తలయూపుదురు; పిల్లలు తల వంచుకొందురు. ఇది సూరిగారి దోషము కాదు. ఆ గ్రంథమును సంధులు విడదీయుటకు, సమాసములకు విగ్రహము చెప్పుటకు మాత్రమే వాడిన మన దోషము. వలలో చిక్కిన చిత్రగ్రీవుడు తన బంధములకంటె ముందు తనవారి బంధములు కొఱుకుమని మిత్రుడైన యెలుకను కోరు ఘట్టమున ధర్మము బోధగా గాక కార్యముగా కనబడును. కాని పదుమూడేండ్ల పిల్లవాడు ఒంటరిగా చదివినచో ఆ వాక్యముల పొడవు దాటి కథను చేరలేడు. దానిని పెద్ద లెవరైన గొంతెత్తి చదివి వినిపింపవలెను. చెవికి సోకినప్పుడే ఆ వచనపు నడక తెలియును.

వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము (1880) వేఱొక తీరుది. గోల్డుస్మిత్తు నవలనుండి బీజము గ్రహించినను, ధవళేశ్వరపు మనుష్యులను, ముఖస్తుతులు చేయువారిని, జ్యోతిష్కులను మన యూరివారినిగానే నిలిపినది. ప్రారంభమునందలి వర్ణనలు నేటి బాలునకు బరువగుననుట నిజము. చనిపోయిరనుకొన్నవారు తిరిగి కనబడుట మొదలగు యాదృచ్ఛికములు మితిమీరినవి. మంచివారు మఱీ మంచివారు. అయినను బంగారము చేసి యిచ్చెదనని వచ్చిన బైరాగి రాజశేఖరుని నిలువున ముంచు ఘట్టము నేటికిని పాతబడలేదు. కొలదిదినములలో మీ సొమ్ము రెట్టింపు చేసెదమని సెల్‌ఫోనునకు వచ్చు సందేశములు ఆ బైరాగి సంతతియే గదా! వర్ణనలు దాటవేసి చదువుటకు పిల్లలకు అనుమతి నిండు. దాటవేయుట చదువరి హక్కు.

మే మీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నను, ఒక్క పుస్తకమే యిమ్మన్నచో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి (1891–1961) అనుభవాలూ జ్ఞాపకాలూనూ అను ఆత్మకథనే యిచ్చెదము. వేదశాస్త్రములకు పుట్టినిల్లైన కుటుంబమున పుట్టి, తెలుగును చులకనగా చూచు పెద్దల నడుమ, వారి యిష్టమునకు విరుద్ధముగా ఆ బాలుడు తెలుగు చదివెను. అందలి వాడుకభాష ఇంటిలో తల్లి మాటాడినంత చనువుగా నుండును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు: చదువవలసినదానిని తానే యెన్నుకొన్న బాలుని కథ అది. ఉన్నతపాఠశాల గడపనెక్కు పిల్లలకు అంతకంటె తగిన విషయ మేమున్నది?

బండారు అచ్చమాంబగారి అబలాసచ్చరిత్ర రత్నమాల (1901) బాలికల పట్టికలో మాత్రమే యుండ తగినది కాదు, బాలురును చదువవలసినది. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారితో పాటు చదువు నేర్చుకొని, స్త్రీలు విద్య కనర్హులను వాదమును చరిత్రముతో ఎదుర్కొన్నది. ఆ గ్రంథమునందలి యాదర్శము లన్నియు నేటి కంగీకార్యములు కావు. పతిభక్తి స్తుతి కొన్నియెడల అధికముగా తోచును. అట్టిచోట్ల గ్రంథమును దాచుటకంటె, ఇట్లేల వ్రాసెనని పిల్లలతో చర్చించుట మేలు.

స్వేచ్ఛ యిచ్చినచో పిల్లలు పనికిమాలిన పుస్తకములు చదువుదురని కొందఱు శంకింతురు. చదివినను భయములేదు. నాసిరకపు కథలు పది చదివినవానికే పదునొకండవది యేల బాగున్నదో తెలియును. ఏమియు చదువనివానికి ఆ తారతమ్య మెట్లు తెలియును?

ఇంతగా చెప్పుటకు కారణము కలదు. నేడు పిల్లలు పెక్కుమంది ఆంగ్లమాధ్యమమున చదువుచున్నారు. పదవ తరగతి దాటగానే, మార్కులు సులభముగా వచ్చునని ఇంటర్మీడియెటులో తెలుగు విడిచి సంస్కృతము తీసికొనువారు అనేకులు. మేము సంస్కృతము చదివినవారము. ఆ భాషపై మాకు గౌరవమే కాని ద్వేషము లేదు. కాని మార్కులకొఱకు చేరిన సంస్కృతమును వారు నేర్వరు. విడిచిన తెలుగునకు తిరిగి రారు. కావున ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు గల మూడేండ్లే పెక్కుమందికి మాతృభాషా గ్రంథములతో తుది పరిచయము. ఆ ద్వారమునకు ముందున్న యీ వేసవిని కషాయముతో నింపినచో నష్టపోవునది పిల్లలు మాత్రమే కాదు.

గృహస్థులకు మా మనవి స్వల్పము. నెలన్నర సెలవులకు మూడు పుస్తకములు చాలును: ఒకటి పెద్ద లెన్నినది, ఒకటి పిల్ల లెన్నినది, ఒకటి ఇంటిల్లిపాదియు కూర్చుండి వినునది. సారాంశము వ్రాయుమని నిర్బంధింపకుడు. మీరు చదువని పుస్తకమును పిల్లలను చదువుమనకుడు. కొనలేనివారు గ్రంథాలయమునకు పంపుడు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో పుస్తకముల నుంచి యూరూర పాఠకుల చెంతకు చేర్చిరి. నాడు పుస్తకమే పాఠకుని వెదకికొనుచు వచ్చినది. నేడు వీథి చివరనున్న గ్రంథాలయమునకు పిల్లలను, అందును ఆడపిల్లలను, ఒక గంట పనినుండి విడిచి పంపుట మన చేతిలోనిదే.