‘పుట్టుదొంగలు’ అన్న మాటను కొలిచిన పరిశోధన

దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్‌కు ఆ పేరు బ్రిటిష్ చీఫ్ కమిషనర్ ఫెరార్ మీదుగా వచ్చింది. 1926లో ఉత్తర భారతం నుంచి భంతూ తెగవాళ్లను ఓడెక్కించి ఆ ప్రాంతానికి చేర్చారు. నేరజాతుల చట్టం దృష్టిలో వాళ్లు పుట్టుదొంగలు. కాపలా, సంస్కరణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవి. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో మన ఎరుకలవారికి జరిగిందీ అదే. ఎవరు ఏం చేశారని విడిగా చూసే పనే ఆ చట్టానికి లేదు; జాబితాలో కులం పేరుంటే చాలు.

ఈ చరిత్ర తెలిసినవాణ్ణి కనుకే న్యూజిలాండ్‌లోని డునెడిన్ పరిశోధకుల పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 1972–73లో ఆ ఊళ్లో పుట్టిన 1037 మందిని వాళ్లు మూడో ఏటినుంచీ పరీక్షిస్తూ వచ్చారు. దొంగ దొరికాక అతని మెదడులో లోపం వెతకడం తేలిక. వీళ్లు నేరానికి ముందే కొలత తీసిపెట్టుకున్నారు. చిన్ననాడే మొదలై ఏళ్ల తరబడి సాగే నేరప్రవృత్తి వేరు, పడుచు వయసులో వచ్చిపోయేది వేరు అని 1993లో ఆ బృందంలోని టెర్రీ మాఫిట్ విడదీసింది. పదమూడో ఏట భాషలో, విన్నమాట గుర్తుంచుకోవడంలో వెనకబడటానికి మొదటి రకంతో సంబంధం కనబడింది, రెండోదానితో కనబడలేదు.

నలభై అయిదేళ్ల వయసులో మళ్లీ పిలిస్తే, బతికున్న 997 మందిలో 938 మంది వచ్చారు! దేశాలు దాటిపోయినవాళ్లనూ ఖర్చుపెట్టి రప్పించారు. 672 మంది ఎమ్మారై చిత్రాలతో క్రిస్టినా కార్లిసి బృందం 2020లో లాన్సెట్ సైకియాట్రీలో వ్యాసం రాసింది. ఏడో ఏటినుంచి ఇరవై ఆరు దాకా తల్లిదండ్రులు, టీచర్లు, స్వయంగా వాళ్లూ చెప్పినదాన్నిబట్టి మనుషుల్ని మూడు గుంపులు చేశారు. దుష్ప్రవర్తన అంతగా లేనివాళ్లతో పోలిస్తే, అది వదలని 80 మందిలో మెదడు పైపొరలోని 360 భాగాలకు 282 చోట్ల వైశాల్యం తక్కువ. పొర పలచబడింది మాత్రం 11 చోట్లే. కోపతాపాల అదుపుకూ ముందుచూపుకూ సంబంధించిన చోట్లవి. పడుచుతనంలోనే తప్పటడుగులు వేసి మానుకున్న 151 మందిలో అంత విస్తారమైన తేడా లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది తర్వాతి అడుగు. స్కాన్ తీసింది ఒక్కసారే, అదీ నడివయసులో. మెదడు తేడా వల్ల బతుకు అలా అయిందా, మత్తూ పొగా పేదరికమూ మెదడును అలా చేశాయా అన్నది దీంతో తేలదని వాళ్లే రాశారు. ఇవి గుంపుల సగటులు కనుక, ఒక మనిషి స్కాన్ చూసి నేరస్థుణ్ణి గుర్తుపట్టడానికి వీటిని వాడకూడదనీ హెచ్చరించారు.