ఉమ్మడి ప్రదర్శనలు - ఎవరితో ఉమ్మడి?

సాహిత్య విమర్శ పత్రికలో మ్యూజియంల గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు సందేహం రావచ్చు. విమర్శలో మనం నిత్యం వాడే రెండు మాటలు, వస్తువు, శిల్పం, అక్కడ కళ్ళెదుటే ఉంటాయి. ఆ వస్తువు ఎవరిది, ఆ శిల్పం వెనక ఎవరి శ్రమ ఉంది, దాన్ని ఎవరు, ఎవరికి, ఏ భాషలో చెబుతున్నారు అన్న ప్రశ్నలు సాహిత్యానికి ఎంత అవసరమో మ్యూజియానికీ అంతే అవసరం. పైగా మ్యూజియంలో ప్రతి రాయి కిందా ఒక చిన్న వచన రచన ఉంటుంది. దాన్ని మనం రచనగా ఎన్నడూ చదవలేదు.

కొన్నేళ్ళుగా మ్యూజియం నిర్వాహకులు ఉమ్మడి ప్రదర్శన అనే పద్ధతిని గట్టిగా ముందుకు తెస్తున్నారు. ఒక మ్యూజియం తనకున్న వస్తువులకు ఇతర మ్యూజియంల నుంచి అరువు తెచ్చినవాటిని జతచేసి, అన్నిటినీ ఒక కథగా కూర్చి కొన్ని నెలలు చూపుతుంది. ఆ తర్వాత అదే ప్రదర్శన మరో నగరానికి పోతుంది. పెట్టెలు కట్టించడం, బీమా, రవాణా, వెంట వెళ్ళే సిబ్బంది, పుస్తకం అచ్చు, ఈ ఖర్చులన్నీ పంచుకోవచ్చు. 2020లో కరోనా వల్ల ప్రపంచమంతటా మ్యూజియంలు నెలల తరబడి తలుపులు మూసుకున్నాక, తన గోడల మధ్య తన వస్తువులతోనే బతకడం కష్టమని పెద్ద సంస్థలకు కూడా తెలిసివచ్చింది. 2022 ఫిబ్రవరి 15, 16 తేదీల్లో కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియంల భవిష్యత్తు మీద అంతర్జాతీయ సదస్సు జరిపింది మన హైదరాబాదులోనే.

ఉమ్మడిగా ఉంటేనే నిలబడగలమన్న ఈ వాదంలో నిజం లేకపోలేదు. ఒక ఊళ్ళో తల, మరో ఊళ్ళో మొండెం ఉన్న విగ్రహాన్ని ఒకచోట చూపగలగడం చిన్న విషయం కాదు. కాని ఉమ్మడి అనే మాటకు మన పల్లెల్లో చాలా అనుభవం ఉంది. ఉమ్మడి కుటుంబంలో వంట చేసేది ఎవరో, ముందు వడ్డించేది ఎవరికో, పెత్తనం ఎవరిదో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఉమ్మడి చెరువు నీళ్ళు ముందు ఏ పొలానికి పారేవో కూడా తెలిసిందే. కాబట్టి ప్రదర్శన ఉమ్మడిదని వినగానే, ఎవరితో ఉమ్మడి అని అడగవలసి ఉంది.

దీనికి మన దేశంలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1947-48 శీతకాలంలో, అంటే అధికార మార్పిడి జరిగిన కొద్ది నెలలకే, లండన్‌లోని రాయల్ అకాడమీలో భారత, పాకిస్తాన్ దేశాల కళల ప్రదర్శన జరిగింది. అందుకోసం దేశంలోని అనేక మ్యూజియంల నుంచి శిల్పాలను, చిత్రాలను అరువు తీసుకుని ఓడల్లో పంపారు. అవి తిరిగి వచ్చాక ఢిల్లీలో, ఇప్పుడు రాష్ట్రపతి భవన్ అంటున్న కట్టడంలో, మరోసారి ప్రదర్శించారు. 1949 ఆగస్టు 15న అక్కడే జాతీయ మ్యూజియం ప్రారంభమైంది. అరువు తెచ్చిన వస్తువుల కూడికే దానికి పునాది. లండన్ వాళ్ళకు చూపడానికి ఒక్కచోట చేర్చిన సొత్తు రాజధానిలోనే నిలిచిపోయే వీలు కలిగింది. జాతికి ఒక మ్యూజియం అవసరమే, కాదనను. అయితే ప్రయాణం ఏ దిక్కుగా సాగిందో గమనించాలి: జిల్లా నుంచి రాజధానికి, రాజధాని నుంచి సామ్రాజ్య కేంద్రానికి. వెనక్కి వచ్చినప్పుడు రాజధాని దగ్గరే ఆగింది.

ఇక మన నేల సంగతికి వద్దాం. సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి అనే ఊరుంది. పాము పడగలా ఉండే కొండ మీద బౌద్ధ స్తూపం, విహారాలు ఉన్నాయి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1941-44 మధ్య అక్కడ మొదట తవ్వకాలు జరిపింది. అదే దశకంలో ఆ చుట్టుపట్ల రైతులు దొరల మీద సాయుధంగా తిరగబడ్డారు. మన చరిత్ర పుస్తకాల్లో ఈ రెండు సంగతులు వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి, ఒకదాన్ని ఒకటి పలకరించుకోవు. 2000 తర్వాత విడతలుగా జరిగిన తవ్వకాల్లో రెండు వైపులా చెక్కిన సున్నపురాతి తోరణాల భాగాలు బయటపడ్డాయి. సాంచీ తోరణాల గురించి పాఠ్యపుస్తకాల్లో చదివిన మనకు అలాంటివి తెలంగాణ పల్లెలో దొరకడం పెద్ద వార్త కావలసింది. 2024లో అక్కడే ఒక మట్టి కుండలో ఇక్ష్వాకుల కాలపు సీసపు నాణేలు 3,730 దొరికాయి.

ఈ ఫణిగిరి శిల్పాల్లో కొన్ని 2023లో న్యూయార్క్ వెళ్ళాయి. మెట్రోపాలిటన్ మ్యూజియం జులై 21 నుంచి నవంబరు 13 దాకా భారతదేశపు తొలి బౌద్ధకళ మీద పెద్ద ప్రదర్శన జరిపింది. క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 400 దాకా గల ఆరువందల ఏళ్ళ కళ దాని పరిధి, జాన్ గై దాని రూపకర్త. అందులో ప్రధాన స్థానం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల రాళ్ళదే. ఆ తర్వాత ప్రదర్శన దక్షిణ కొరియా రాజధాని సోల్‌కు పోయి, 2023 డిసెంబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా అక్కడి జాతీయ మ్యూజియంలో నడిచింది. ఈ ప్రయాణాన్ని నేను తప్పుపట్టను. మన పురావస్తువులు దేశం దాటాలంటే 1972 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం పూనుకోవాలి, లేదా అనుమతించాలి. బయలుదేరేటప్పుడు, చేరినప్పుడు ప్రతి రాయిని పరీక్షించి ఏ అంచు ఎక్కడ చిట్లిందో రాసుకుంటారు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత వాళ్ళకు బాగా తెలుసు. ఆ పనివల్ల రాళ్ళకు శుభ్రత, శ్రద్ధ దొరికాయి. తెలుగువాడి ప్రాచీన శిల్పం అంటే అమరావతి, నాగార్జునకొండ మాత్రమే కాదని ప్రపంచానికి తెలిసింది.

నా అభ్యంతరం రాళ్ళు వెళ్ళినందుకు కాదు. వాటి వెంట ఏ కథ వెళ్ళిందన్నది చూడాలి. న్యూయార్క్ ప్రదర్శనకు పెట్టిన పేరు 'వృక్షం, సర్పం'. ఆ పేరు 1868లో జేమ్స్ ఫెర్గూసన్ సాంచీ, అమరావతి శిల్పాల మీద ప్రచురించిన పుస్తకం పేరుకు ప్రతిధ్వని. సోల్‌లో దానికి 'స్తూపాల అడవి, మర్మభరితమైన భారత కథలు' అన్న అర్థంలో పేరు పెట్టారు. చెట్టు, పాము, అడవి, మర్మం! మన దేశమంటే బయటివాళ్ళకు మొదట కావలసింది ఈ సరుకే. ఫెర్గూసన్ నాటి పరిభాష నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా గుమ్మం మీద వేలాడుతూనే ఉంది. ఆ ప్రదర్శనకు ధన సహాయం చేసినవారిలో రిలయన్స్ ఇండస్ట్రీస్ ఒకటి. ఒకప్పుడు శ్రేష్ఠులు స్తూపానికి దానాలిచ్చి రాతి మీద పేరు చెక్కించుకున్నారు. ఇప్పుడు పేరు ప్రదర్శనశాల గోడ మీద ఉంటుంది. ఈ పోలిక దగ్గర ఆగిపోతే మాత్రం స్తూపాలకు అన్యాయం చేసినట్టే, ఎందుకంటే స్తూపం మీద శ్రేష్ఠుల పేర్లు మాత్రమే లేవు.

అమరావతి దాన శాసనాల్లో ఒకటి విధికుడిది. అతని వృత్తి చమ్మకార, అంటే తోళ్ళపని. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలతో, మిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక రాతి పలకను స్తూపానికి ఇచ్చాడు. ప్రాకృతంలో ఉన్న ఆ చిన్న శాసనం నాకు ఎన్నో ప్రబంధాలకంటే విలువైనదిగా తోస్తుంది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో కనిపించేది అమరావతి శిల్పం నుంచి తీసుకున్న పూర్ణఘటమే. పూర్ణఘటాన్ని దానమిచ్చినవారిలో ఒక తోళ్ళపనివాడు ఉన్నాడని బడి పిల్లలకు ఎవరు చెబుతున్నారు? ఉమ్మడి దానం అంటే అది. ఒక ఇంటివాళ్ళంతా, చుట్టాలతో మిత్రులతో సహా, ఒక రాయికి భాగస్వాములు. మన ఉమ్మడి ప్రదర్శనల పట్టికలో ఆ రాయికి రాసే పరిచయం సాధారణంగా రాతి రకం, కొలత, శతాబ్దం. చేతులూ పేర్లూ లేని కళాచరిత్ర అది. రాజుల పేర్లతోనే సాహిత్య చరిత్రను యుగాలుగా విభజించే మన అలవాటు కూడా ఇలాంటిదే కదా.

తెలుగు విద్యార్థులకు ఇందులో మరో సంబంధం కూడా ఉంది. తొలి తెలుగు మాటగా చాలాకాలం పాఠాల్లో చెప్పుకున్న 'నాగబు' అమరావతి రాతి మీదిదే. దాన్ని గుర్తించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. తొలి మాట అదేనా కాదా అన్న చర్చ భాషాశాస్త్రవేత్తలకు వదిలేద్దాం. తన భాష ఆనవాళ్ళు ఏ రాళ్ళ మీద ఉన్నాయో ఆ రాళ్ళను తెలుగు విద్యార్థి ఎక్కడ చూడాలి?

కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో, కొన్ని అమరావతిలో. ఈ చెదిరిపోవడం వెనక కథ అందరికీ తెలిసిందే అయినా మరోసారి చెప్పక తప్పదు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించేటప్పుడు దిబ్బలోని రాళ్ళు కట్టడాలకు పోయాయి. ఎన్నో పలకలను సున్నానికి కాల్చారు. మెకంజీ వచ్చి చూసి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించాడు. 1859లో నూటికి పైగా పలకలు లండన్ చేరాయి. అంటే సున్నపు బట్టీ ఒక వైపు, ఓడ ఇంకో వైపు. భూస్వామ్యం కాల్చింది, సామ్రాజ్యవాదం పట్టుకుపోయింది. పట్టుకుపోయినవే భద్రంగా మిగిలాయని వాదించేవారున్నారు. మద్రాసులో ఉన్నవీ మిగిలాయి కదా అని వారికి జవాబు.

ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం ఆ రాళ్ళను తిరిగి ఇవ్వాలన్నా 1963 నాటి అక్కడి చట్టం అడ్డం. అరువు మాత్రం ఇవ్వవచ్చు. ఇక్కడే ఉమ్మడి ప్రదర్శన అసలు రూపం బయటపడుతుంది. 2024లో ఘనా దేశంలోని కుమాసీలో అసాంతె రాజమందిరపు మ్యూజియంలో 32 వస్తువులు ప్రదర్శనకు వచ్చాయి. ఒకనాడు బ్రిటిష్ సైన్యం దోచుకుపోయిన సొత్తులోవి అనేకం అందులో ఉన్నాయి. లండన్‌లోని రెండు మ్యూజియంలు వాటిని మూడేళ్ళ అరువు మీద పంపాయి. తమ సొత్తు తమ ఇంటికి అరువుగా! అవమానమే. అయినా అక్కడి జనం వెళ్ళి చూశారు. నూరేళ్ళకు పైగా చూడనిదాన్ని చూశారు. నా ఉద్దేశంలో హక్కు కోసం పోరాడుతూనే చూపు కోసం కూడా అడగాలి. హక్కు తేలేదాకా చూడనే వద్దంటే నష్టపోయేది లండన్ కాదు.

ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం 2017లో ఇలాంటి పని ఒకటి చేసింది. బ్రిటిష్ మ్యూజియంతో, ఢిల్లీ జాతీయ మ్యూజియంతో కలిసి భారతదేశాన్నీ ప్రపంచాన్నీ పక్కపక్కన పెట్టి ప్రదర్శన జరిపింది. కథ ఎలా చెప్పాలో నిర్ణయించడంలో మనవాళ్ళకూ సమాన భాగం ఉంది. అది మెచ్చుకోదగ్గది. కాని అది కూడా ముంబై తర్వాత ఢిల్లీ వెళ్ళి ముగిసింది, మన వైపు రాలేదు. అదే ముంబై సంస్థ 2015 నుంచి ఒక బస్సును మ్యూజియంగా మార్చి ఊళ్ళకూ బడులకూ తిప్పుతోంది. నా దృష్టిలో ఈ రెండో పనే పెద్దది, దాని గురించి ఎవరూ సదస్సులు పెట్టకపోయినా.

హైదరాబాదులో మన అనుభవం ఏమిటి? నిజాం నగలను కేంద్రం 1995లో దాదాపు 218 కోట్ల రూపాయలకు కొని రిజర్వు బ్యాంకు ఖజానాలో పెట్టింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లోనూ 2006లోనూ చూపారు. 2019లో ఢిల్లీలో చూపారు. మిగతా కాలం చాలావరకు చీకట్లోనే. ఆ నగలు హైదరాబాదుకు శాశ్వతంగా రావాలని మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, రావలసిందే. కాని 184 కేరట్ల జాకబ్ వజ్రం కోసం ఎత్తే గొంతులో పదో వంతైనా ఫణిగిరి తోరణం కోసం వినపడదు. రైతు పన్నులు నగలయ్యాయి, చేతి పనివాళ్ళ దానాలు తోరణాలయ్యాయి. మన మోజు ఎటో తెలుస్తూనే ఉంది.

నేనుండే అత్తాపూర్ ఒకప్పుడు మూసీ ఒడ్డు పల్లె. ఆ ఏటి వెంట కిందికి పోతే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వంతెన రోడ్డు వేశాక మా చిరునామాలు కూడా మారిపోయాయి. ఫలానా పిల్లరు నంబరు దగ్గర అంటే ఆటోవాలా వస్తాడు. కుతుబ్‌షాహీల కాలపు ముష్క్ మహల్ ఇక్కడే శిథిలమై ఉంది. ఆ పేరు చెబితే ఆటో రాదు. శంషాబాద్‌లో దిగిన ప్రయాణికులు మా తలల మీదుగా నగరంలోకి పోతుంటారు. ప్రదర్శనలూ అంతే, పైనుంచి పైకే పోతాయి.

ఇందుకు చేయవలసింది మరీ అసాధ్యమైనదేమీ కాదు. ఫణిగిరి, ధూళికట్ట, నేలకొండపల్లి తెలంగాణలో ఉన్నాయి. అమరావతి, నాగార్జునకొండ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి గాని, ఆ రాళ్ళు చెక్కిన చేతులకు ఆ సరిహద్దు లేదు. రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలు కలిసి ఒక ఉమ్మడి ప్రదర్శన కూర్చవచ్చు. దానికి న్యూయార్క్ ఆహ్వానం అక్కరలేదు. అసలు రాళ్ళు హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉండనివ్వండి. బరువైన, చిట్లిపోయే రాయిని బస్సెక్కించమని ఎవరూ అడగరు. అచ్చు పోసిన నమూనాలు, పెద్ద ఛాయాచిత్రాలు, శాసనాల నకళ్ళు, వాటికి తెలుగులో అర్థం, ఇవి సూర్యాపేట, మాచర్ల, సత్తెనపల్లి ఉన్నత పాఠశాలలకు వెళ్ళవచ్చు. మొదటి మజిలీ ఫణిగిరి కావాలి.

అందులో మన పని కూడా ఉంది. ఆ చిన్న పరిచయాలు ఎవరు రాస్తారు? ఇంగ్లీషు పట్టికకు చేసిన అనువాదాల్లో క్రియాపదం ఎక్కడుందో వెతుక్కోవాలి. పది వాక్యాల లోపు ఒక రాయి గురించి తొమ్మిదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా రాయడం కథ రాసినంత కష్టం. రచయితల సంఘాలు జిల్లా శాఖల ద్వారా ఈ పని నెత్తికెత్తుకుంటే పురావస్తు శాఖ కాదంటుందని నేననుకోను. విధికుడి శాసనంతో మొదలుపెట్టవచ్చు. అతని వృత్తి మొదటి వాక్యంలో రావాలి, అతని కూతుళ్ళు రెండో వాక్యంలోనైనా రావాలి. శతాబ్దం, కొలత చివర చిన్న అక్షరాల్లో వేసుకోవచ్చు.